ఆ చొక్కా రంగు ఎవరి నిర్ణయం? సినిమా దృశ్యాల్లో పాత్రను చదవడం వెనక ఉన్న లెక్క

కొత్త సినిమా ఓటీటీలోకి వచ్చిందో లేదో, "మీరు గమనించని పది విషయాలు" తరహా వీడియోలు వరస కడతాయి. ఫ్రేము ఆపి, గోడ మీది గడియారం చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, "హీరో అప్పటికే చనిపోయాడనడానికి ఇదే సాక్ష్యం" అంటారు. చూసినవాళ్లలో సగం మంది ఔరా అనుకుంటారు. మిగతా సగం మంది "ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఏదో తగిలించి ఉంటారు, దానికింత కథా" అని కొట్టిపారేస్తారు. తెర మీద కనబడింది కాబట్టి అర్థం ఉండితీరాలని వీళ్లు, అసలేమీ ఉండదని వాళ్లు ముందే తేల్చేసుకున్నారు. రెండు పక్షాలూ దాటేసిన ప్రశ్న ఒకటుంది: ఆ వస్తువు అక్కడికి ఎవరి ఎంపిక వల్ల వచ్చింది?

ఒకే ఫ్రేములో ముగ్గురి ఎంపికలు

ఎవరూ నోటితో చెప్పకుండా, కంటికి కనబడేదాన్ని బట్టి పాత్ర గురించి తెలిసేదాన్ని దృశ్య ఆధారం అనుకుందాం. ఇది మూడు పొరల్లో వస్తుంది. సెట్టు, ప్రాపర్టీలు, దుస్తులు, మేకప్, లైటింగ్, నటులు నిలబడే చోటు, కదిలే తీరు, ఇలా కెమెరా ముందు పెట్టినదంతా మొదటి పొర. సినిమా చదువులో దీన్ని మీజాన్‌సెన్ అంటారు. కెమెరా ఎంత దూరంలో, ఎంత ఎత్తులో, ఏ లెన్సుతో ఉందన్నది రెండోది. ఏ షాటు పక్కన ఏ షాటు అతికించారన్నది మూడోది.

పొరల పేర్లు తెలిసినంత మాత్రాన పాత్ర అర్థమైపోదు. దానికంటే పనికొచ్చే విభజన, ఎంపిక ఎవరిదన్నది. కొన్నిటిని కథలోని పాత్రే ఎంచుకుంటుంది: వేసుకున్న చొక్కా, గదిలో కూర్చున్న చోటు, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే చూపు తిప్పుకున్న దిక్కు. కొన్నిటిని సినిమా ఎంచుకుంటుంది, అవి పాత్రకు తెలియవు. నలగని చొక్కా వేసుకున్న మనిషికి తన చొక్కా సంగతి తెలుసు. తన ముఖంలో సగం చీకట్లో ఉందని మాత్రం తెలియదు. మూడోరకం వాటిని పరిస్థితులే నిర్ణయిస్తాయి. లొకేషన్‌లో కిటికీ ఆ వైపే ఉంది, ఎండ పోతోంది, నటుడు ఆ ఒక్కరోజే దొరికాడు.

మొదటిరకం ఆధారాలు ఆ మనిషి లోకానికి ఎలా కనబడాలనుకుంటున్నాడో చెబుతాయి. రెండోరకం, అతని గురించి సినిమా ఏమనుకుంటోందో చెబుతాయి. ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగనప్పుడే పాత్రకు లోతు వస్తుంది. మనిషి ధీమాగా కాలు మీద కాలేసుకుని కూర్చుంటే, కెమెరా అతన్ని ఖాళీ గదిలో ఓ మూలకు నెట్టి చూపిస్తుంది. మూడోరకం నుంచి పాత్ర గురించి తెలిసేది దాదాపు శూన్యం. తప్పుడు విశ్లేషణల్లో ఎక్కువ భాగం మూడోదాన్ని రెండోదిగా పొరబడటం వల్ల పుట్టినవే.

పద్నాలుగు షాట్ల దృశ్యం: తండ్రి, కూతురు, భుజాన సంచి

ఇది ఎలా పనిచేస్తుందో ఒక ఊహా దృశ్యంలో చూద్దాం. రెండున్నర నిమిషాలు, పద్నాలుగు షాట్లు. చాలా ఏళ్ల తర్వాత కూతురు తండ్రి ఇంటికి వచ్చింది. సాయంత్రం వేళ. మాటలు నాలుగే.

"ఎప్పుడు దిగావమ్మా?"
"పొద్దున్నే నాన్నా."
"భోంచేసి వెళ్లు."
"లేదు నాన్నా, టైమైపోతోంది."

మొదటి షాటు వైడ్. తండ్రి ఎడమవైపు కుర్చీలో ఉన్నాడు, ఆమె కుడివైపు గుమ్మం దగ్గర. మధ్యలో, లోపలి గది ద్వారబంధం నిలువుగా గీత గీసినట్టు ఉంది. గది చీకటిగా ఉంటే ఆమె గోడవైపు చూడకుండానే చెయ్యి చాపి స్విచ్ వేసింది. 2 నుంచి 9 దాకా ఇద్దరివీ విడివిడిగా మిడ్ షాట్లు. 10 ఇన్‌సర్ట్, అంటే ఒక వస్తువును మాత్రమే దగ్గరగా చూపే షాటు: బల్ల మీద అప్పటికే పెట్టి ఉన్న రెండు కంచాలు. 11, 12 క్లోజప్‌లు, ఒకటి ఆయనది, ఒకటి ఆమెది. 13లో భుజం మీంచి జారుతున్న సంచి పట్టీని ఆమె చెయ్యి పైకి లాక్కుంటుంది. 14లో మళ్లీ ఇద్దరూ ఒకే ఫ్రేములోకి వస్తారు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది. సంచి ఇంకా భుజానే ఉంది.

ముందు పాత్రలవైపు నుంచి చూద్దాం. స్విచ్ ఎక్కడుందో చేతికి తెలుసు, అంటే ఇది ఆమె పెరిగిన ఇల్లు. సంచి దించలేదు, అంటే చుట్టపుచూపుగా వచ్చినదానిలా ఉంది. ఈ రెండూ ఒకే మనిషిలో, పది సెకన్ల తేడాలో కనబడటమే అసలు సమాచారం. పైగా పొద్దున్నే దిగి, సాయంత్రానికి ఇంటికొచ్చింది. ఇది మాటల్లో దొరికిన ఆధారమే అయినా, సంచితో కలిపి చూసేదాకా బరువెక్కదు. తండ్రివైపు రెండు కంచాలు ఉన్నాయి. ఆమె గుమ్మంలోకి రాకముందే పెట్టినవి. కాబట్టి "భోంచేసి వెళ్లు" అన్నది మర్యాదకు అన్నమాట కాదు, పొద్దుటి నుంచీ ఎదురుచూసిన మనిషి మాట.

ఇక్కడొక చిక్కుంది. ఇంతకుముందు వచ్చిన ఏదో సీన్లో, భార్య పోయినా ఆయన రోజూ రెండు కంచాలు పెట్టుకోవడం చూపించారనుకోండి. అప్పుడు అదే ఇన్‌సర్ట్ అర్థం పూర్తిగా తిరగబడుతుంది. ఆ రెండో కంచం కూతురి కోసం కాదు. ఆమె మాత్రం తనకోసమే అనుకుని కూర్చుని ఉండొచ్చు. షాటు ఒకటే, ఫ్రేములో ఒక్క పిక్సెల్ మారలేదు. ఒక్క స్క్రీన్‌షాట్ పట్టుకుని పాత్రను తేల్చేయడం ఎందుకు కుదరదో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఉండదు.

ఇక సినిమావైపు నుంచి. వైడ్ తర్వాత పన్నెండు షాట్లపాటు ఇద్దరూ ఒక ఫ్రేములోకి రాలేదు. పద్నాలుగో షాటులో వచ్చారు. అదెప్పుడు? "టైమైపోతోంది" అని నోటితో అన్నాక, ఒంటితో కూర్చున్న క్షణంలో. మాట వెళ్తానంటోంది, శరీరం ఆగింది, ఫ్రేము ఇద్దరినీ కలిపింది. సంచి ఒక్కటే ఇంకా ఒప్పుకోలేదు.

మూడోవైపు కూడా చూడాలి. విడివిడి షాట్లకు వేరే కారణం ఉండొచ్చు. ఇద్దరు నటుల కాంబినేషన్ డేట్లు కుదరక, ఒకరి షాట్లు ఒక రోజు, రెండోవారివి పదిరోజుల తర్వాత తీసి కలపడం పరిశ్రమలో మామూలే. దీన్ని ఎలా పట్టుకోవాలి? అదే సినిమాలో మిగతా సంభాషణలు ఎలా తీశారో చూడాలి. అన్నీ విడివిడి షాట్లలోనే ఉంటే అది ఆ సినిమా మామూలు వ్యాకరణం. ఈ సీన్లో దానికి ప్రత్యేకార్థం లేదు. మిగతా చోట్ల ఒకరి భుజం మీంచి ఇంకొకరిని చూపే షాట్లు ధారాళంగా ఉండి, ఈ తండ్రీకూతుళ్ల దగ్గర మాత్రమే విడదీస్తే అప్పుడు పట్టించుకోవాలి.

ఆమెది కోపమా, అపరాధభావమా? సంచి దించకపోవడం రెండింటికీ సరిపోతుంది. కుర్చీ అంచున కూర్చోవడమూ అంతే. ఈ పద్నాలుగు షాట్లలో ఆ సంగతి తేల్చేది ఏదీ లేదు. అయినా తేల్చేసినట్టు మాట్లాడే విశ్లేషణను కాస్త అనుమానంతోనే వినాలి.

"లో యాంగిల్ అంటే అధికారం": ఈ సూత్రం ఎక్కడ బెడిసికొడుతుంది

ఎరుపంటే ప్రమాదం, అద్దం అంటే రెండు ముఖాల మనిషి, కింద నుంచి తీస్తే అధికారం, పైనుంచి తీస్తే నిస్సహాయత. ఈ పట్టీలు పూర్తిగా అబద్ధం కావు. వేల సినిమాలు అలా వాడాయి కాబట్టి ప్రేక్షకులకూ అలవాటైపోయింది. కానీ ప్రతి సినిమా తన నిఘంటువును తానే రాసుకుంటుంది, అవసరమైతే పాతదాన్ని కొట్టేస్తుంది.

సిడ్నీ లుమెట్ 1957లో తీసిన '12 యాంగ్రీ మెన్' దాదాపు అంతా ఒకే గదిలో, పన్నెండు మంది జ్యూరీ సభ్యుల మధ్య నడుస్తుంది. మొదటి మూడోవంతు కెమెరా కంటిమట్టానికి పైన ఉంటుంది. మధ్య భాగంలో కంటిమట్టానికి దిగుతుంది. చివరి మూడోవంతులో కంటిమట్టం కంటే కిందికి వెళ్తుంది. దాంతోపాటు లెన్సుల ఫోకల్ లెంగ్త్ (లెన్సు మీద ఎంఎంలలో ఉండే అంకె; అది పెరిగేకొద్దీ చుట్టూ కనబడే మేర తగ్గుతుంది) పెరుగుతూ పోతుంది. చివరికొచ్చేసరికి మనుషుల తలల మీద సీలింగు కూడా కనబడటం మొదలవుతుంది. గది అంగుళం మారలేదు, కానీ కుంచించుకుపోయినట్టు అనిపిస్తుంది. అక్కడి లో యాంగిల్ ఎవరికీ అధికారం కట్టబెట్టడం లేదు, అందరినీ ఒక పెట్టెలో వేసి మూత పెడుతోంది. ఆఖరి షాటులో మనుషులు బయటికొచ్చాక కెమెరా మళ్లీ పైకెళ్తుంది, వైడ్ లెన్సు వస్తుంది, ఊపిరాడుతుంది.

లెన్సు సంగతిలో ఒక పొరపాటు అభిప్రాయం బాగా పాకిపోయింది కాబట్టి ఇక్కడే చెప్పాలి. వెనకున్న గోడ దగ్గరికొచ్చినట్టు కనబడటానికి మూలకారణం లెన్సు కాదు, కెమెరాకూ మనిషికీ మధ్య దూరం. 28 ఎంఎం లెన్సుతో ముఖం ఎంత నిండుగా కనబడుతుందో, 85 ఎంఎంతో అంతే నిండుగా కనబడాలంటే కెమెరా సుమారు మూడు రెట్లు వెనక్కి జరగాలి. అలా జరిగినప్పుడు ముఖానికీ గోడకీ మధ్య ఎడం తగ్గినట్టు అనిపిస్తుంది, చుట్టూ కనబడే మేర కూడా తగ్గిపోతుంది. దగ్గరికెళ్లి వైడ్ లెన్సుతో తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయి, మనం ఆ మనిషి మీదికి వంగి చూస్తున్నట్టు ఉంటుంది. రెండూ క్లోజప్‌లే. ఒకటి దూరం నుంచి కనిపెట్టి చూడటం, రెండోది మీదపడి చూడటం. పాత్రతో మన సంబంధం మారిపోతుంది. "క్లోజప్ అంటే దగ్గరితనం" అని ఒక్కమాటలో తేల్చేవాళ్లు పోగొట్టుకునేది ఇదే.

రంగుల సంగతికొస్తే, ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 'సైకో' (1960) అందరూ చెప్పే ఉదాహరణే, కానీ ఎందుకు మంచి ఉదాహరణో అంతగా చెప్పరు. మొదట్లో కథానాయిక మేరియన్ తెల్లని లోదుస్తుల్లో కనబడుతుంది. కాజేసిన డబ్బుతో వెళ్లిపోవడానికి సిద్ధమయ్యేటప్పుడు నల్లనివి వేసుకుని ఉంటుంది. చేతిసంచి కూడా తెలుపు నుంచి నలుపుకు మారుతుంది. ఇక్కడ నలుపు దానంతటదే "నేరం" అని చెప్పడం లేదు. ముందు తెలుపు కనబడింది కాబట్టి, మధ్యలో ఒక నిర్ణయం జరిగింది కాబట్టి చెబుతోంది. మొదటి సీన్లోనే నలుపు వేసుకుని ఉంటే అది వట్టి నలుపు. ఇంకో మెలిక కూడా ఉంది. "నేనిప్పుడు దొంగను" అనుకుని మేరియన్ నల్లనివి తొడుక్కోలేదు. బట్టలు తీసి వేసుకున్నది ఆమె, రంగు ఎంచింది సినిమా. దుస్తులు ఎప్పుడూ ఇలా రెండుచేతుల సరుకే. లైటింగులోనో ఎడిటింగులోనో ఈ గందరగోళం ఉండదు, అవి పూర్తిగా సినిమావే.

అందుకే ఒక వివరం మొదటిసారి కనబడినప్పుడు చెప్పగలిగింది తక్కువ. అది మళ్లీ వచ్చి, ఒకచోట మారితే, ఆ మారిన చోటే చూడాలి.

ముఖంలో ఉన్నదెంత, మనం పెట్టినదెంత

లెవ్ కులెషోవ్ అనే సోవియట్ దర్శకుడి పేరు మీద వందేళ్లుగా చెప్పుకునే ప్రయోగం ఒకటుంది. నటుడు ఇవాన్ మొజూఖిన్ ముఖాన్ని, ఏ భావమూ లేని ఒకే క్లోజప్‌ను, ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఇలా వేర్వేరు షాట్లతో అతికించారు. చూసినవాళ్లు ఆకలిని అద్భుతంగా నటించాడన్నారట, దుఃఖాన్ని అద్భుతంగా నటించాడన్నారట. అసలు ఫిల్ము దొరకడం లేదు. చెప్పినవాళ్లను బట్టి మూడో షాటు ఏమిటన్నది మారుతుంది.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లూ ఉన్నారు. 1992లో స్టీఫెన్ ప్రిన్స్, వేన్ హెన్స్‌లీ మళ్లీ చేసి చూస్తే ఆ ప్రభావం కనబడలేదు. 2016లో మరో పరిశోధక బృందం వేరే తరహాలో చేస్తే కనబడింది. అంటే పక్క షాటు ముఖానికి అర్థం ఇస్తుందన్న మాటలో నిజముంది; ఏ ముఖానికైనా, ఏ పరిస్థితిలోనైనా మంత్రం వేసినట్టు ఇస్తుందనుకుంటే మాత్రం అతిశయోక్తి.

పాత్రను చదివేవారికి దీనివల్ల ఒక ఉపయోగం ఉంది. "ఆమె కళ్లలో ద్వేషం చూడండి" అని ఎవరైనా అంటే, ఆ షాటుకు ముందువెనకలు తీసేసి కళ్లను మాత్రమే చూడాలి. ద్వేషం ఇంకా ఉందా? ఉంటే అది నటన. మాయమైతే అది ఎడిటింగ్ ఇచ్చిన అర్థం. రెండోది తక్కువదేమీ కాదు, కానీ నటికి ఇవ్వాల్సిన మార్కులు ఎడిటర్‌కు వెళ్లాలి. మాటలు మ్యూట్ చేసి సీను ఒకసారి, తెర చూడకుండా మాటలు మాత్రం వింటూ ఇంకోసారి నడిపితే ఈ తేడా ఇంకా తేలిగ్గా పట్టుబడుతుంది. నేపథ్య సంగీతం ముఖానికి అప్పిచ్చే భావం ఎంతో అప్పుడు గాని తెలియదు.

దర్శకుడు అలా అనుకోలేదంటే విశ్లేషణ తప్పయినట్టేనా

'ది గాడ్‌ఫాదర్' (1972)లో ఈ వివాదపు రెండు కొసలూ దొరుకుతాయి. ఛాయాగ్రాహకుడు గోర్డన్ విల్లిస్, మాఫియా పెద్ద అయిన డాన్ పాత్ర వేసిన మార్లన్ బ్రాండోకు నడినెత్తి మీంచి లైటు పెట్టాడు. కనుగుంటల్లో నీడ నిండిపోయి, కళ్లు సరిగా కనబడవు. కళ్లు కనబడకపోవడమేమిటని అప్పట్లో ఆక్షేపణలూ వచ్చాయి. డాన్ మనసులో ఏముందో ఎవరికీ అందదన్న భావం ప్రేక్షకుడికి కలిగేది ఆ నీడలవల్లే. కానీ ఆ లైటు అలా పెట్టడానికి బ్రాండో మేకప్ ఒక ముఖ్యకారణమని విల్లిస్ చెప్పాడు. పరిస్థితి తెచ్చిన పరిష్కారమే పాత్రకు రూపమిచ్చింది.

అదే సినిమాలో నారింజ పండ్లున్నాయి. డాన్ మీద కాల్పులు జరిగేది పండ్లు కొంటున్నప్పుడే, ఆయన చనిపోయే ముందు నోట్లో పెట్టుకున్నదీ నారింజ తొక్కే. నారింజ కనబడితే చావు దగ్గరపడ్డట్టే అన్నది దశాబ్దాలుగా ప్రచారంలో ఉన్న వ్యాఖ్యానం. చీకటి సెట్లలో కాస్త రంగు కోసం పెట్టామని ప్రొడక్షన్ డిజైనర్ డీన్ టావౌలారిస్ అన్నాడు.

ఒక పక్షం వాదన ఇది: తీసినవాళ్ల ఉద్దేశంతో పనిలేదు, తెర మీద ఉన్నదే ప్రమాణం. సాహిత్యంలో ఈ మాటను గట్టిగా నిలబెట్టినవాళ్లు విమ్‌సాట్, బియర్డ్స్‌లీ. రచయిత ఉద్దేశం కృతికి కొలబద్ద కాజాలదని 1946లోనే వాదించారు. రెండో పక్షం ఏమంటుందంటే, సినిమా ఒక్కరి కలంలోంచి ఊడిపడేది కాదు, వందల మంది, వాతావరణం, బడ్జెట్ కలిసి చేసేది. తయారీ తెలియకుండా అర్థం చెబితే గాలిలో మేడలే. రెండింట్లోనూ బలం ఉంది. చిక్కంతా రెండు వేర్వేరు వాక్యాలను ఒకటిగా కలిపేయడంలో వస్తుంది. "దర్శకుడు చావుకు గుర్తుగా నారింజ పెట్టాడు" అన్నది జరిగిన సంగతి గురించిన మాట. దానికి సాక్ష్యం సినిమా బయట ఉండాలి. "ఈ సినిమాలో నారింజ కనబడినప్పుడు నాకు కీడు తోచేలా అల్లిక ఉంది" అన్నది తెర గురించిన మాట. దానికి సాక్ష్యం షాట్లలో ఉండాలి, నారింజ కనబడి కూడా ఏ కీడూ జరగని చోట్లను కలుపుకుని మరీ. ఆ కలుపుకోవడం దగ్గరే చాలామంది జారుకుంటారు.

నిండిన గ్లాసు: ఆధారమా, కంటిన్యూటీ తప్పా

ఒక షాటులో సగం ఉన్న గ్లాసు తర్వాతి షాటులో నిండుగా ఉంటుంది. ఇలా షాటుకూ షాటుకూ వివరాలు పొసగకపోవడాన్నే కంటిన్యూటీ తప్పు అంటారు. దీనికి సాధారణ కారణం, ఎడిటర్ ఒక టేకులోంచి మాటను, ఇంకో టేకులోంచి ముఖాన్ని తీసుకోవడం. నటన బాగున్న టేకుకూ గ్లాసు కుదిరిన టేకుకూ పోటీ వస్తే మంచి ఎడిటర్లు నటనవైపే మొగ్గుతారు. పాత్ర మతిభ్రమణకు అది గుర్తని చెప్పాలంటే ఇంకేదైనా తోడుండాలి: కెమెరా ఆ గ్లాసు మీద ఆగాలి, ఫోకస్ దానిమీదికి మారాలి, పాత్ర దాన్ని చూసి తడబడాలి, లేదా అలాంటి మార్పే మరోచోట మళ్లీ జరగాలి. ఇవేవీ లేకపోతే అది తప్పే.

మీ తెర మీద కనబడుతున్నది అసలు ఫ్రేమేనా

విశ్లేషణకు కూర్చునే ముందు చూసుకోవాల్సినదే గానీ, ఎవరూ చూసుకోరు. టీవీ వివిడ్ మోడ్‌లో ఉంటే రంగులు ముదిరిపోతాయి. బ్రైట్‌నెస్ అతిగా పెంచితే ఛాయాగ్రాహకుడు కావాలని ముంచేసిన నీడలు బూడిదరంగుకు తిరిగి, దాచిన ముఖం బయటపడుతుంది. సినిమా విడుదలైన చాలా ఏళ్లకు శుభ్రం చేసి మళ్లీ తయారుచేసిన ప్రతిలో, అంటే రీమాస్టర్‌లో, రంగుల పాళ్లు మారిపోయి ఉండొచ్చు కూడా. నీలం ఛాయ చూసి పాత్ర ఒంటరితనం గురించి రాసేముందు రెండు ప్రింట్లు పోల్చుకోవడం మంచిది.

ఫ్రేము అంచులు కోసేస్తే నష్టం ఇంకా పెద్దది. 2.39:1 నిష్పత్తిలో (వెడల్పు, ఎత్తుకు 2.39 రెట్లు) తీసిన వెడల్పాటి ఫ్రేమును 16:9 తెర నిండేలా కోస్తే వెడల్పులో పావువంతుకు పైగా పోతుంది. పాత 4:3 టీవీ కోసం కోసినప్పుడు దాదాపు 44 శాతం పోయేది. ఫోన్ నిలువు తెరకు, అంటే 9:16కు కోసిన క్లిప్పులో మిగిలేది నాలుగోవంతు కంటే తక్కువ. ఆ పాత టీవీ ప్రింట్లలో ఇంకో పని కూడా జరిగేది. ఫ్రేముకు చెరో చివరా ఉన్న ఇద్దరు మనుషులూ 4:3లో పట్టకపోతే, ఒకే షాటును మధ్యలో కోసి, ఒకసారి ఎడమవైపు మనిషిని, ఒకసారి కుడివైపు మనిషిని చూపేవారు. థియేటర్లో ఒకే ఫ్రేములో కూర్చున్న తండ్రీకూతుళ్లు ఆ ప్రింటులో విడివిడి షాట్లలో కనబడతారు. ఇప్పటి నిలువు క్లిప్పుల్లో సాఫ్ట్‌వేర్ చేస్తున్నదీ అదే: మాట్లాడుతున్న ముఖం వెంట ఫ్రేమును జరుపుతూ, వింటున్న ముఖాన్ని బయట వదిలేస్తుంది.